వదిలేసిన లవ్ బర్డ్స్‌ని ఇంటికి తెచ్చుకున్నారా? మొదటి మూడు నెలలు ఇలా చూసుకోండి

పోయిన డిసెంబర్‌లో మా పక్క వీధిలో ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ, "పిట్టల్ని మీరేమైనా ఉంచుకుంటారా, లేకపోతే వదిలేస్తాం" అంది. వెళ్ళి చూస్తే రెండడుగుల పంజరంలో పదమూడు పిట్టలు, నాలుగు మట్టి కుండలు, అడుగున రెండంగుళాల మందాన ఎండిపోయిన రెట్ట. నీళ్ళ గిన్నె పాచిపట్టి పచ్చగా ఉంది. దాణా గిన్నె నిండుగానే ఉందనుకున్నాను, ఊదితే అంతా పొట్టే, కింద ఒక్క గింజ లేదు. "లవ్ బర్డ్సేనండీ, గింజలేస్తే చాలు, వాటికి పెద్ద పనేం ఉండదు" అన్నారాయన. ఆయన చెడ్డమనిషేం కాదు, షాపువాడు ఆయనకి చెప్పింది అదే.

ఇలాంటి గుంపుని ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళ కోసం నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. అన్నింటికన్నా ముఖ్యమైన విషయం ముందే చెప్పేస్తా: పనుల వరుస తప్పకూడదు. జాలితో మొదటిరోజే మేత మార్చి, స్నానం చేయించి, ముక్కు కత్తిరించి, మందులు వేసేస్తే అప్పటిదాకా ఎలాగోలా బతికిన పిట్ట కూడా ఆ హడావుడికి చచ్చిపోతుంది. ముందు వెచ్చదనం, తర్వాత తూకం, తర్వాత డాక్టర్, మేత మార్చడం అన్నిటికన్నా చివర.

ఇంకోటి, పేరు. మన షాపుల్లో లవ్ బర్డ్స్ అని అమ్మేవాటిలో చాలావరకు బడ్జీలు. పూర్తి పేరు బడ్జెరిగార్. ఆస్ట్రేలియా నడిమి ఎండు మైదానాల్లో గుంపులుగా తిరిగే చిన్న చిలుకలు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండ్ తీసుకెళ్ళాక పంజరాల్లో పెంచడం పెరిగింది. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, వాటి తోక పొట్టి, ముక్కు లావు. డాక్టర్‌కి "బడ్జీ" అనే చెప్పండి, ఎందుకంటే ఇది మామూలుగా 30 నుంచి 40 గ్రాముల ప్రాణి, మందు మోతాదంతా ఆ గ్రాముల మీదే ఆధారపడి ఉంటుంది.

తెచ్చే ముందు

పాత యజమానిని నాలుగు ప్రశ్నలు అడగండి: ఏం మేత పెడుతున్నారు, ఈ మధ్య ఎన్ని చచ్చిపోయాయి, కొత్త పిట్టలేమైనా కలిపారా, ఏమైనా మందు నీళ్ళలో కలిపి ఇచ్చారా. చివరి రెండు ప్రశ్నల జవాబులు డాక్టర్‌కి చాలా పనికొస్తాయి. మిగిలిన దాణా సంచి, పాత గిన్నెలు కూడా అడిగి తెచ్చుకోండి. గిన్నెలు కడిగి అవే వాడండి, కొత్త గిన్నె చూసి భయపడి తినని పిట్టలుంటాయి.

కుండల్లో చెయ్యి పెట్టి, లేదా ఫోన్ లైటు వేసి చూడండి. గుడ్లున్నాయా, పిల్లలున్నాయా? పిల్లలున్న కుండని మాత్రం కదిలించకుండా, ఆ పంజరంతోనే జాగ్రత్తగా తేవాలి. ఆ గుంపులో రామచిలుక ఏదైనా కనిపిస్తే దాని సంగతి వేరు. మన దేశపు చిలుకల్ని పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, దాన్ని అటవీశాఖకి అప్పగించాలి. బడ్జీలకి ఆ ఇబ్బంది లేదు.

"వదిలేస్తే స్వేచ్ఛగా బతుకుతాయి కదా" అని మీకు ఎవరైనా చెప్తే దయచేసి ఒప్పుకోకండి. పంజరంలో పుట్టిన పిట్టకి ఇక్కడ మేత ఎక్కడ వెతుక్కోవాలో తెలియదు, కాకులూ గద్దలూ దాన్ని ఒక రోజు కూడా ఉండనివ్వవు.

విడి గది, మాస్కు

ఇంట్లో ఇదివరకే పిట్టలుంటే కొత్తవాటిని కనీసం 30 రోజులు, వీలైతే 45 రోజులు వేరే గదిలో ఉంచాలి. అదే హాల్లో రెండో మూల అంటే కుదరదు, గాలి ఒకటే కదా. ముందు పాత పిట్టల పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తవాటి గదిలోకి వెళ్ళండి, వచ్చాక చేతులు కడిగి చొక్కా మార్చుకోండి. ఇంట్లో ఇంకే పిట్టలూ లేకపోయినా వీటికి ఒక గది కేటాయించడం మంచిదే, ఎందుకంటే మనుషుల సంగతి కూడా చూసుకోవాలి.

సిట్టకోసిస్ అనే జబ్బు ఉంది. చిలుక జాతి పక్షుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా ఎండిన రెట్ట ధూళితో, ఈకల పొడితో మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, ఒళ్ళునొప్పులతో మొదలై న్యుమోనియా దాకా పోవచ్చు. ప్రతి పిట్టకీ ఉంటుందని కాదు, కానీ పట్టించుకోకుండా కిక్కిరిసి ఉంచిన గుంపులో ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆ పాత పంజరాన్ని పొడి చీపురుతో ఎప్పుడూ ఊడ్చకండి. ముందు నీళ్ళు చిలకరించి బాగా తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, తడి కాగితంతో ఎత్తి సంచిలో కట్టి పారేయండి. గర్భిణులు, చిన్నపిల్లలు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళు ఆ గదిలోకి రాకుండా చూడండి. ఆ తర్వాత మీకు జ్వరం, దగ్గు వస్తే డాక్టర్‌కి ఇంట్లో పిట్టలున్నాయని మీరే చెప్పాలి, వాళ్ళు అడగరు.

మొదటిరోజు, మొదటి రాత్రి

తెచ్చిన రోజు వాటిని వదిలేయండి. పంజరం మూడు వైపులా దుప్పటి కప్పి, గోడకి ఆనించి, మన కంటి ఎత్తులో పెట్టండి. కిక్కిరిసిన గుంపయితే రెండో పంజరం అవసరం, కానీ ఏ పిట్టనీ ఒంటరిగా పెట్టకండి, ఇవి గుంపులో పుట్టి పెరిగే ప్రాణులు, ఒంటరితనానికే మేత మానేస్తాయి. జబ్బుగా ఉన్నదాన్ని వేరు చేయాల్సి వచ్చినా పక్కవాటి గొంతు దానికి వినిపించేలా పెట్టండి.

నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టండి. దాణా కూడా అంతే. నిర్లక్ష్యంగా ఉంచిన గుంపుల్లో బలమైన ఆడపిట్టలు గిన్నె దగ్గరికి మిగతావాటిని రానివ్వవు, ఒకటే గిన్నె ఉంటే బలహీనమైనవి మన కళ్ళముందే పస్తులుంటాయి.

తర్వాత వెచ్చదనం. ఒళ్ళంతా ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చున్న పిట్ట, పగటిపూట రెండు కాళ్ళ మీదా కూర్చుని కునుకుతున్న పిట్ట, పంజరం అడుగున కూర్చున్న పిట్ట, ఊపిరి తీసేటప్పుడు తోక పైకీ కిందకీ ఊగుతున్న పిట్ట: ఇవన్నీ జబ్బుగా ఉన్నవే. పక్షులు జబ్బుని దాచుకుంటాయి, బలహీనంగా కనిపిస్తే అడవిలో ముందు అవే బలవుతాయి కాబట్టి. అందువల్ల మనకి కనిపించేసరికే చాలా ఆలస్యమై ఉంటుంది. అలాంటిదాన్ని చిన్న పంజరంలోకో, గాలి కన్నాలున్న డబ్బాలోకో మార్చి, అడుగున మెత్తటి గుడ్డ వేసి, ఒకవైపు మాత్రమే వేడి తగిలేలా పెట్టండి. లోపల 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి, చేత్తో అంచనా వేయకండి, థర్మామీటర్ పెట్టండి. మామూలు బల్బు వేడినిస్తుంది గానీ రాత్రంతా వెలుగులో పిట్ట నిద్రపోదు. వెలుగు లేని సిరామిక్ హీటర్ దొరికితే మేలు, లేకపోతే వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి డబ్బా పక్కన ఆనించి గంటగంటకీ మార్చండి. రెండోవైపు చల్లగా ఉండి తీరాలి, వేడి ఎక్కువైతే పిట్టే అటు జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు.

మా పదమూడింట్లో ఒక పసుపు ఆడపిట్ట రెండో రాత్రే పోయింది. దాన్ని వెచ్చగా పెట్టడానికి నేను ఆలోచించింది మరుసటి రోజు మధ్యాహ్నం. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తూకం, పట్టుకోవడం, చూడాల్సినవి

ఒక్క గ్రాము తేడా కూడా చూపించే వంటింటి కాటా కొనండి. ఇది లేకుండా పిట్టల్ని బాగుచేయడం కుదరదు. పొద్దున్నే మేత పెట్టకముందు, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తూచి పుస్తకంలో రాయండి. మొదటి రెండు వారాలు జబ్బువాటిని రోజూ, మిగతావాటిని మూడు రోజులకోసారి. 35 గ్రాముల పిట్ట 3 గ్రాములు తగ్గిందంటే అది చిన్న విషయం కాదు, దాదాపు పదో వంతు ఒళ్ళు పోయినట్టు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. బయటికి చక్కగా కనిపిస్తూ, గిన్నె దగ్గరే కూర్చుని గింజలు కొరుకుతున్నట్టు ఉండే పిట్ట నిజానికి పొట్టు మాత్రమే తీసి పడేస్తూ ఉండొచ్చు. ఆ సంగతి చెప్పేది కాటా ఒక్కటే.

పట్టుకునేటప్పుడు గదిలో లైటు తగ్గించండి, పిట్ట శాంతిస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి, ఇది ప్రతిసారీ. చిన్న పల్చటి గుడ్డతో వీపు వైపు నుంచి పట్టుకుని, మెడకి రెండు పక్కలా చూపుడు వేలు, మధ్య వేలు రావాలి. రొమ్ము మీద నొక్కకూడదు. మనకున్నట్టు వాటికి డయాఫ్రం ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది, నొక్కితే ఊపిరాడక చచ్చిపోతాయి. రెండు నిమిషాలు మించకండి.

ఆ రెండు నిమిషాల్లో ఏం చూడాలి? రొమ్ము మధ్య ఎముక మీద వేలు పెడితే రెండు వైపులా కండ తగలాలి. కత్తి అంచులా తగిలితే బాగా చిక్కిపోయినట్టు. ముక్కు మీద, కళ్ళ చుట్టూ, కాళ్ళ మీద తెల్లటి, తేనెతుట్టెలా చిన్న చిన్న కన్నాలున్న పొలుసులుంటే అది గజ్జి పురుగు. వెనక ఈకలకి రెట్ట అంటుకుని ఉందా, తల ఈకలు జిగటగా ఉన్నాయా (వాంతి చేసుకుంటూ తల విదిలిస్తుందన్నమాట), పాదాల కింద ఎర్రగా, నున్నగా పుండు పడుతోందా, కాలికి వేసిన రింగు బిగిసి వాచిందా అని చూడండి. రింగుని మీరు కత్తిరించకండి, కాలు విరుగుతుంది.

మగా ఆడా తేడా ముక్కు మీది మెత్తటి భాగంలో తెలుస్తుంది. పెద్ద మగపిట్టకి నీలం, ఆడపిట్టకి గోధుమ లేదా తెల్లటి లేత నీలం. కొన్ని రంగుల రకాల్లో మగవాటికి కూడా గులాబి రంగే ఉంటుంది. నీలంగా ఉన్న మగపిట్టకి మెల్లగా గోధుమరంగులోకి మారితే వృషణంలో కణితి ఉండొచ్చు. బడ్జీల్లో కణితులు ఎక్కువ. దెబ్బ ఏమీ తగలకుండానే ఒక కాలు ఈడుస్తున్నా అదే అనుమానం.

ఇక రెట్ట. పంజరం అడుగున తెల్ల కాగితం గానీ పాత పేపరు గానీ వేసి రోజూ మార్చండి, ఇసుక, రంపపు పొట్టు వద్దు, అందులో ఏమీ కనిపించదు. బాగున్న పిట్ట రెట్టలో ముదురాకుపచ్చ చుట్టూ తెల్లటి భాగం ఉంటుంది. ఆ తెలుపు పసుపుగానో పచ్చగానో మారితే కాలేయం అనుమానించాలి. అరగని గింజలు గింజలుగానే పడుతుంటే కడుపులో గట్టి సమస్య ఉంది.

డాక్టర్ దగ్గరికి

పిట్టల్ని చూసే పశువైద్యులు మన దగ్గర తక్కువ. కుక్కలు, పిల్లుల క్లినిక్‌కి ముందు ఫోన్ చేసి "బడ్జీలు చూస్తారా, రెట్టని మైక్రోస్కోప్ కింద చూడగలరా" అని అడగండి. ప్రభుత్వ వెటర్నరీ కాలేజీలకి అనుబంధంగా ఆసుపత్రులుంటాయి: హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఇటు తిరుపతి, గన్నవరం. మేం బెజవాడవాళ్ళం కాబట్టి మాకు గన్నవరం దగ్గర.

అన్నిటినీ తీసుకెళ్ళక్కర్లేదు. బాగా జబ్బుగా ఉన్న రెండు మూడింటినీ, బాగున్నట్టు కనిపించేదాన్ని ఒకదాన్నీ, ఆ రోజు పొద్దున పడిన తాజా రెట్టనీ (కాగితం మీద కాకుండా ప్లాస్టిక్ కవరు మీద, ఆరకుండా), బరువుల పుస్తకాన్నీ తీసుకెళ్ళండి.

మా గుంపులో నాలుగింటికి గజ్జి పురుగు ఉంది. దీనికి వాడే మందు ఐవర్‌మెక్టిన్. డాక్టర్ బరువు చూసి పల్చన చేసి, మెడ వెనక చర్మం మీద చిన్న చుక్క వేస్తారు, రెండు వారాల ఎడంతో మళ్ళీ మళ్ళీ వేయాలి, గుంపు మొత్తానికి వేయాలి. పశువుల మందుల దుకాణంలో అదే పేరుతో దొరికే ఇంజెక్షన్ మందు గేదెల కోసం చేసింది, అది తెచ్చి మీ అంతట మీరు వేస్తే పిట్ట చచ్చిపోతుంది. కొబ్బరినూనె పూయమని కూడా చాలామంది చెప్తారు. నూనె ఈకలకి అంటితే అవి ఒంటి వేడిని ఆపలేవు, ఆ చలికి పిట్ట ఇంకా నీరసపడుతుంది. పొలుసులు గోళ్ళతో గీకకండి, మందు పడ్డాక వాటంతటవే రాలిపోతాయి. ముక్కు వంకరగా, పొడవుగా పెరిగితే దానికి కారణం ఈ పురుగు కావచ్చు, కాలేయం కావచ్చు, అందుకే కత్తిరించడం కూడా డాక్టరే చేయాలి, లోపల రక్తనాళం ఉంటుంది. గోరు తెగి రక్తం కారితే మాత్రం కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కి పట్టుకోండి, ఆగుతుంది.

మాలో ఇంకో రెండింటికి మెగాబ్యాక్టీరియా తేలింది. పేరు అలా ఉంది గానీ అది బ్యాక్టీరియా కాదు, కడుపులో పెరిగే ఒక ఈస్ట్. పిట్ట రోజంతా తింటూనే ఉంటుంది, అయినా చిక్కిపోతుంది, గింజలు అరగకుండా వస్తాయి. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు, నోట్లో వేసే ఫంగస్ మందు ఉంటుంది, కొన్ని వారాలు పడుతుంది. ఈ ఒక్క కారణం చాలు, షాపులో ఇచ్చే పసుపురంగు యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలపకూడదని చెప్పడానికి. మొదటి వారం నేను కలిపాను. ఒక షాపతను "అన్నిటికీ ఇదే మందు మేడం" అని ఇచ్చాడు. నీళ్ళ రుచి మారి పిట్టలు తాగడం తగ్గించాయి, అసలు జబ్బుకి అది మందే కాదు, పైగా డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు అడ్డొచ్చింది. ఆ ఈస్ట్ ఉన్న రెండింట్లో ఒకటి ఫిబ్రవరిలో పోయింది.

సిట్టకోసిస్ అని తేలితే గుంపు మొత్తానికి 45 రోజులు డాక్సీసైక్లిన్ ఇస్తారు, ఈకలు మెరుస్తున్నాయని మధ్యలో ఆపకూడదు. ఆ రోజుల్లో సముద్రపు నురుగు (కాల్షియం కోసం పెట్టే తెల్లటి ముక్క), ఇతర కాల్షియం ముక్కలు పంజరంలోంచి తీసేయండి, కాల్షియం ఆ మందుని పట్టేసి ఒంటికి అందనివ్వదు.

ఊపిరి తీసినప్పుడల్లా సన్నటి కీచు శబ్దం, తిన్నది కక్కడం ఉంటే గాయిటర్ కూడా అడగండి. గింజలు తప్ప ఇంకేమీ ఎరగని బడ్జీలకి అయోడిన్ చాలక గొంతు దగ్గర థైరాయిడ్ ఉబ్బి గాలిగొట్టాన్ని నొక్కుతుంది. డాక్టర్ ఇచ్చే అయోడిన్ చుక్కలతో బాగవుతుంది. అయోడిన్ ఉంది కదా అని వంట ఉప్పు మాత్రం పెట్టకండి, ఇంత చిన్న ఒంటికి ఉప్పు విషం.

కుండలు తీసేయండి

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన దగ్గర బడ్జీలు పాడయ్యేది ఎక్కువగా ఈ కుండల వల్లే. కుండ కనిపిస్తే ఆడపిట్టకి గుడ్లు పెట్టే కాలమన్నట్టే. ఒక విడతకి నాలుగు నుంచి ఆరు గుడ్లు, 18 రోజులు పొదగడం, పిల్లలు బయటికి రావడానికి ఇంకో ఐదు వారాలు, అవి బయటికి వచ్చీ రాకముందే మళ్ళీ గుడ్లు. ఏడాది పొడవునా కుండ వేలాడుతుంటే ఒంట్లో ఉన్న కాల్షియమంతా గుడ్డు పెంకులకే పోయి, చివరికి గుడ్డు లోపలే ఆగిపోతుంది. తోక ఊపుతూ ముక్కుతూ, వెనకభాగం ఉబ్బి, అడుగున కూర్చున్న ఆడపిట్ట కనిపిస్తే అది గుడ్డు అడ్డుపడటం, గంటల్లో ప్రాణం పోతుంది. వెచ్చగా, తేమగా ఉంచుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, పొట్ట నొక్కి గుడ్డు తీయాలని చూడకండి, లోపల పగులుతుంది. ఆడపిట్టలు కుండ కోసం రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి కూడా.

కాబట్టి పిల్లలు లేని కుండల్ని మొదటి వారంలోనే తీసేయండి. పిల్లలున్న కుండని అవి బయటికి వచ్చి సొంతంగా తినేదాకా ఉంచి, అప్పుడు తీయండి. కుండ లేకుండా అడుగున గుడ్డు పెడితే దాన్ని వెంటనే లాగేస్తే ఇంకోటి పెడుతుంది. ఉడకబెట్టి చల్లార్చి మళ్ళీ అక్కడే పెట్టి, మూడు వారాలు ఆగి ఆసక్తి పోయాక తీయండి. రాత్రి 12 గంటలు చీకటి ఉండేలా చూడండి, పగలు ఎక్కువైతే కూడా జత కట్టే ఊపు పెరుగుతుంది. టీవీ ఉన్న హాల్లో పంజరం పెట్టొద్దనేది ఇందుకే.

మేత, మెల్లమెల్లగా

కనీసం వారం రోజులు పాత దాణానే పెట్టండి. తెలియని తిండిని ఈ పిట్టలు తిండిగా గుర్తించవు, పక్కనే పెట్టుకుని పస్తులుండి చచ్చిపోగలవు. రోజుకి ఒక్కో పిట్టకి దాదాపు రెండు చెంచాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొట్టు ఊదేయడం, అంతే.

షాపులో "కంగిణీ" అని అమ్మేది మన కొర్రలే. కిరాణాలో దొరికే కొర్ర బియ్యం కాదు, పొట్టుతో ఉన్న ముడి కొర్రలు. వాటికి పొట్టు తీసుకుని తినడమే పని. కొర్రలు సగం, మిగతా సగం సామలు, వరిగలు, ఊదలు, కొద్దిగా సజ్జలు కలిపితే ఒకే గింజ కన్నా మంచిది. పొద్దుతిరుగుడు గింజలు మానేయండి, వీటికి కొవ్వు ఎక్కువ. కొన్న దాణా పాతదో కాదో తెలుసుకోవడానికి ఒక గుప్పెడు నానబెట్టి చూడండి, మొలక రాకపోతే అందులో జీవం లేదు. బూజు వాసన వస్తే పారేయండి.

ఆ మొలకలే మేత మార్చడానికి మొదటి మెట్టు. కొర్రలు రాత్రి నానబెట్టి, పొద్దున కడిగి వడకట్టి, ఇంకో రోజు తడిగుడ్డలో ఉంచితే తెల్లటి చుక్కలా మొలక వస్తుంది. తెలిసిన గింజే కాబట్టి ముట్టుకుంటాయి. మన వేడికి రెండు గంటలు దాటితే పులుస్తుంది, తీసేయండి. తర్వాత ఆకులు. కొత్తిమీర కట్ట కడిగి తడిగానే పంజరంలో వేలాడదీయండి, మొదట భయపడతాయి, తర్వాత ఆ తడిలో దొర్లి స్నానం చేస్తాయి, చేస్తూ చేస్తూ కొరుకుతాయి. అక్కడి నుంచి మునగాకు, తోటకూర, మెంతికూర. మునగాకులో విటమిన్ ఎ, కాల్షియం రెండూ బాగా ఉంటాయి, ఏళ్ళ తరబడి గింజలే తిన్న పిట్టలకి లోటు సరిగ్గా ఆ రెండూనే. తురిమిన క్యారెట్, కాప్సికం కూడా. పాలకూర ఎప్పుడైనా ఒకసారి. ఉడికించిన గుడ్డు తురుము వారానికి రెండుసార్లు, ఈకలు రాల్చే సమయంలో బాగా పనిచేస్తుంది, అరగంటలో తీసేయాలి. బజారు ఆకుకూరల మీద మందులు కొడతారు కాబట్టి ఉప్పునీళ్ళలో నానబెట్టి, తర్వాత మంచినీళ్ళతో బాగా కడగండి.

మాకు ఆకు ముట్టుకోవడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఒక ఆకుపచ్చ మగపిట్ట మొదలుపెట్టింది, దాన్ని చూసి సాయంత్రానికి ఇంకో నాలుగు. గుంపుతో ఉన్న లాభం ఇదే.

సముద్రపు నురుగు అని ఆయుర్వేద సామాను కొట్టులో దొరికే తెల్లటి ముక్క కాల్షియం కోసం ఎప్పుడూ ఉండాలి. అవకాడో, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, టీ, కాఫీ, ఉప్పు, కారం ఉన్నదేదీ వద్దు.

పంజరం, పొగ, ఎండ

ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఇవి అడ్డంగా ఎగురుతాయి. తుప్పు పట్టిన, జింకు పూత రాలుతున్న పంజరం కొరికితే జింకు విషం ఎక్కుతుంది. ఊచల మధ్య అరంగుళం మించకూడదు. ఒకే లావున్న ప్లాస్టిక్ కర్రలు తీసేసి వేప, జామ కొమ్మలు రకరకాల లావుల్లో కడిగి ఆరబెట్టి పెట్టండి. పాదాల పుండ్లు చాలామటుకు దీంతోనే తగ్గుతాయి. గుండ్రటి చిన్న పంజరాలు ఎంత అందంగా ఉన్నా వద్దు.

పొగ విషయంలో ఇంట్లోవాళ్ళందరికీ గట్టిగా చెప్పాలి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మాడితే వచ్చే పొగకి పక్క గదిలో పిట్టలు కూడా నిమిషాల్లో చచ్చిపోతాయి, మనకి వాసన కూడా తెలియదు. దోమల చక్రం, సాంబ్రాణి, అగరుబత్తి, రూమ్ స్ప్రే, కొత్త రంగు, ఇవన్నీ వాటి ఊపిరితిత్తులకి చేటు. మా అత్తగారు శుక్రవారం సాంబ్రాణి మానరు, కాబట్టి ఆ గంటసేపు పంజరాన్ని డాబా మెట్ల గదిలోకి మారుస్తాం. దోమలకి పంజరం మీద దోమతెర వేశాం. దీపావళికి పిట్టల గది కిటికీలు మూసి, చిన్న లైటు ఒకటి వేసి ఉంచండి, చీకట్లో టపాకాయ చప్పుడికి బెదిరి ఊచలకి కొట్టుకుంటాయి.

మా బెజవాడ మే నెల గురించి చెప్పక్కర్లేదు. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంటే వడదెబ్బ దగ్గరపడినట్టు. నీడలోకి మార్చి, పాదాలకి, రెక్కల కిందకి మామూలు నీళ్ళు చిలకరించండి, ఐసు నీళ్ళు వద్దు. తాగే నీళ్ళు పూటకి రెండుసార్లు మార్చండి. బాల్కనీలో రేకు కప్పు కింద పంజరం అస్సలు వద్దు.

ఇప్పుడు మా దగ్గర లెక్క

పదమూడింట్లో పదకొండు మిగిలాయి. 24 గ్రాములతో వచ్చిన నీలం మగపిట్ట ఇప్పుడు 34. గజ్జి పూర్తిగా పోయింది, ఒక ఆడపిట్టకి ముక్కు వంకర మాత్రం ఉండిపోయింది, ఆరు వారాలకోసారి కత్తిరించాలి. మార్చి చివర్లో డాక్టర్ సరే అన్నాక నాలుగింటిని తెలిసినవాళ్ళకి ఇచ్చాం, రెండేసి చొప్పున, రెండు ఇళ్ళకీ ఒకే లింగం జతలు, అంటే మగలూ మగలే, ఆడలూ ఆడలే. ఇచ్చేటప్పుడు అలవాటైన దాణా అరకిలో, సముద్రపు నురుగు ముక్క, ఆ నాలుగింటి బరువుల పేజీలు జిరాక్స్ తీసి ఇచ్చాను. ఒకావిడ "కుండ కూడా ఇవ్వండి అక్కా, పిల్లలు పెడితే బాగుంటుంది" అంది. ఇవ్వలేదు. ఆవిడతో కూర్చుని, చచ్చిపోయిన పసుపు పిట్ట రొమ్ము ఎముక ఎలా ఉందో చెప్పాను. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసి కాటా ఏది కొనాలో అడిగింది.